పెద్ద ముక్క ఎప్పుడూ శకుంతలమ్మదే

సురంగల్‌లో ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు. శకుంతలమ్మ కష్టజీవి, చెయ్యి మంచిది, ఆపదకు ఆదుకునే మనిషి, కుళ్లు ఒక్కటే ఎక్కువ. ఈ మాట ఆమె మొహం మీదే అంటారు. ఆమె కూడా కాదనదు. "అవును, నాది కుళ్లే. మంది బాగుంటే నా కడుపుల మండుతది. మీకు మండదా? మీరు దాచుకుంటరు, నేను చెప్పుకుంట," అంటుంది. అయితే ఆ కుళ్లును ఊరందరికీ సమానంగా పంచుతుందనుకుంటే పొరపాటు. ముప్పాతిక మువ్వీసం ఒక్క మనిషికే దాచిపెట్టింది. ఆ మనిషి గోడ అవతల ఉండే తోటికోడలు కృష్ణమ్మ.

ఇద్దరూ ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చారు, శకుంతలమ్మ ముందు, కృష్ణమ్మ వెనుక. కృష్ణమ్మ వచ్చిన మొదటి ఏడే చీర అంచు దగ్గర గొడవ, లడ్డూల దగ్గర గొడవ, చివరికి పెరుగు మీది మీగడ దగ్గర కూడా గొడవ. వినీ వినీ విసిగిపోయిన అత్తగారు ఒకరోజు ఇద్దరినీ నిలబెట్టి తీర్పు చెప్పింది. "ఇగో, ఇయ్యాల్టి సంది గీ ఇంట్లకు ఏదొచ్చినా కిష్టమ్మ రెండు పాళ్లు చేస్తది. శకుంతల ముందుగాల తీసుకుంటది. మిగిలింది కిష్టమ్మది. మళ్ల నా చెవుల లొల్లి వడొద్దు."

తీర్పు బాగా పనిచేసింది. కృష్ణమ్మ ఎంత సమానంగా కోసినా శకుంతలమ్మ కన్ను ఆవగింజంత తేడాను పట్టుకునేది, చెయ్యి పెద్ద ముక్క మీదికే పోయేది. అత్తగారు పోయింది. అన్నదమ్ములు వేరుపడ్డారు, నడుమ గోడ లేచింది. కృష్ణమ్మ భర్త కూడా పోయాడు. అయినా ఆ ఆచారం మాత్రం పోలేదు. పెళ్లికి పోయి మిఠాయి పొట్లం తెచ్చినా, సంతలో పుచ్చకాయ కొన్నా, కృష్ణమ్మ స్టీలు డబ్బా మూతలో రెండు పాళ్లు పెట్టుకుని గోడ దాటి వచ్చేది. "తీసుకో అక్కా," అనేది. అక్క తీసుకునేది.

పొలం కూడా అట్లాగే పంచుకున్నారు. తమ్ముడు, అంటే కృష్ణమ్మ భర్త, గీత గీశాడు. శకుంతలమ్మ భర్త రామన్న పెళ్లాం కళ్లలోకి చూసి, వాగు పక్కనున్న నల్లరేగడి కోరుకున్నాడు. రోడ్డు పక్క రాళ్ల చెలక కృష్ణమ్మ వాళ్లకు మిగిలింది. ఆ తరువాత పట్నం మొయినాబాద్ దాకా పాకి వచ్చింది, రాళ్ల చెలకకు గిరాకీ పుట్టింది, కృష్ణమ్మ ఇంటి మీద ఇంకో అంతస్తు లేచింది. శకుంతలమ్మ వాగు పక్క కొత్తిమీర, పాలకూర వేసి, తెల్లవారకముందే గొంతుక్కూర్చుని కట్టలు కట్టి, చేవెళ్ల మార్కెట్టుకు పంపుతూనే ఉంది. తానే కోరి తీసుకున్నది కనుక ఎవరినీ తిట్టడానికి లేదు. ఆమెకు అసలు మంట అక్కడ.

ఇట్లా ఉండగా కృష్ణమ్మకు రొమ్ములో గడ్డ తేలింది. పట్నంలో ఆపరేషన్ చేశారు. రెండేళ్లు బాగానే ఉంది. ఈ ఎండాకాలం రోగం తిరగబెట్టి వెన్నెముకలోకి దిగింది. ఇక కోసేది లేదు, నొప్పి రాకుండా మాత్రం చూడగలమన్నారు డాక్టర్లు. అప్పటినుంచి వారానికోసారి దవాఖాన నుంచి ఒక తెల్ల వ్యాను ఇంటి ముందు ఆగేది. అందులోంచి వెన్నెల అనే నర్సు దిగేది. కృష్ణమ్మ పక్కన మంచం మీదే కూర్చుని, వీపు నిమిరి, "అవ్వా, రాత్రి నిద్ర పట్టిందా? ఎట్లున్నది?" అని అడిగేది. కొడుకు ప్రవీణ్ తల్లిని రెండు చేతులా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. చుట్టాలు దానిమ్మపండ్లు తెచ్చేవారు.

శకుంతలమ్మ ఇదంతా గడప దగ్గర నిలబడి చూసేది. రోగం మీద కూడా కుళ్లేనా అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. రోగం మీద కాదు గానీ, ఆ వ్యాను మీద, ఆ నిమిరే చెయ్యి మీద. ఆమె మోకాళ్లు రెండూ అరిగి చాలా కాలమైంది. దవాఖానకు పోతే, "బరువు తగ్గాలె, పారాసిటమాల్ వేసుకో," అని ఒక్క మాటతో పంపేశారు. మోకాళ్ల కోసం ఎవరి ఇంటి ముందూ వ్యాను ఆగదు.

మొదటిసారి మార్ఫిన్ మాత్రలు తెచ్చిన రోజు ప్రవీణ్ భయపడ్డాడు. "మత్తు మందు గదక్కా, అమ్మకు అలవాటైతే?" అన్నాడు. వెన్నెల ఓపికగా చెప్పింది. శకుంతలమ్మ కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని తలుపు పక్కనే నిలబడి విన్నది.

"స్లాబు పోస్తుంటె చూసినవ్ గద తమ్మీ. కింద కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతది. మాలు తట్టలల్ల నింపి ఒకరి చేతికొకరు అందిచ్చుకుంట మీదికి పంపుతరు. నొప్పి గూడ గంతే. అది పుట్టేది అవ్వ నడుముల, నొప్పి అని ఎరుకయ్యేది తలకాయల. నడుమ నరాల కణాలు వరుసగ నిలవడ్డయి. ఒకదానికొకటి అంటుకోవు, సందుంటది. ఈ కణం ఒక రసం అసొంటిది విడుస్తది, అవతలి కణం అందుకుంటది. గట్ల కబురు చేతులు మారుకుంట మీదికి పోతది."

"మరి గోలి ఏం చేస్తది?" అన్నది కృష్ణమ్మ.

"ఆ కణాల మీద దీనికోసం జాగలు ఉంటయవ్వా. మన ఒళ్లు సొంతంగ తయారుజేసుకునే నొప్పి మందు కూసునే జాగలు. గోలి పోయి ఆడ కూసుంటది. అందిచ్చే కణం తట్ట నింపుడు తగ్గిస్తది. అందుకునే కణానికి చెయ్యి లేవదు. కింద మిల్లరు తిరుగుతనే ఉంటది, మీదికి మాలు రాదు. రోగం పోదు, కబురు ఆగుతది. నొప్పికి తగ్గట్టు టైముకు వేసుకుంటె ఫికర్ లేదు. వేరేటోళ్లకు మాత్రం ఒక్కటి గూడ ఇయ్యొద్దు. ఊపిరి తియ్యిమని చెప్పే కణాల మీద గూడ గివే జాగలుంటయి. అవి గూడ నిద్రపోతయి."

ఇంత చెప్పినా శకుంతలమ్మ మనసులో నిలిచింది ఒక్కటే: కృష్ణమ్మకు దొరికేది, తనకు దొరకనిది ఇంకొకటి వచ్చింది.

మాత్రలు పనిచేశాయి. వారం తిరగకుండా కృష్ణమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది, నవ్వింది. "ఈసారి సద్దుల బతుకమ్మ నేనే పేరుస్త," అన్నది. ఏటా ఊళ్లో అందరికన్నా ఎత్తయిన బతుకమ్మ ఆమెదే. గునుగు, తంగేడు, బంతి వరుసలు ఒక్క పువ్వు జారకుండా గోపురంగా లేచేవి. పక్కన శకుంతలమ్మది ఎప్పుడూ ఒక జానెడు తక్కువే. ఈ ఏడు కృష్ణమ్మ లేవలేదు కనుక తనదే ఎత్తు అవుతుందని శకుంతలమ్మ అనుకుని ఉంది. అట్లాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది గానీ, దాన్ని తరిమేయలేదు. ఇప్పుడు మంచంలోంచి లేవకుండానే అది కూడా లాక్కునేలా ఉంది.

ఆ మధ్యాహ్నమే శకుంతలమ్మ అరుగు మీద కూలబడి మోకాలు పట్టుకుని "అవ్వో" అన్నది. కృష్ణమ్మ దిండు కింది డబ్బా తీసి, ఒక మాత్రను గోళ్లతో విరిచి, మూతలో రెండు ముక్కలూ పెట్టింది.

"తీసుకో అక్కా."

"ఆ పిల్ల ఇయ్యొద్దన్నది గద?"

"ఆ పిల్లకు మనింటి ముచ్చట ఏమెరుక? ఇంట్లకొచ్చింది నేనొక్కదాన్నే ఎన్నడన్న తిన్ననా?"

శకుంతలమ్మ కన్ను మూత మీద పడింది. ముక్కలు సమానంగా విరగలేదు. చెయ్యి తన అలవాటు ప్రకారం పోయింది.

మొదట కడుపులో తిప్పింది. తరువాత మోకాలి నొప్పి ఎక్కడో ఉందిలే అన్నట్టు దూరంగా జరిగింది. అది కాదు ఆమెను ఆశ్చర్యపరిచింది. సాయంత్రం ప్రవీణ్ తల్లి గదిలో కొత్త ఏసీ పెట్టిస్తున్నాడు. శకుంతలమ్మ చూసింది. ఎప్పుడూ ఛాతీ కింద పట్టుకునే మంట కోసం ఎదురుచూసింది. రాలేదు. "పెట్టనీ, పాపం, ఉక్కవోస్తది," అనుకుంది. తన మనసులో వచ్చిన మాటేనా అని తనకే అనుమానం వచ్చింది. కాపురానికి వచ్చినప్పటినుంచి మొదటిసారి ఆ గోడ అవతలి సంగతి ఆమెను కుట్టలేదు. ఇంతకాలం మోసిన బరువు దించుకుని ఆ రాత్రి పసిపిల్లలా నిద్రపోయింది.

తెల్లారేసరికి మంట మళ్లీ వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె గోడ అవతల ఉంది.

మొదట్లో రోజుకొక ముక్క. ఆ తరువాత పొద్దున కూడా. బోనాల నెల దాటేసరికి కృష్ణమ్మ డబ్బాలోంచి తీసిన ప్రతి మాత్రా మూతలో రెండు ముక్కలే అయ్యేది. శకుంతలమ్మ మోకాలి పేరు చెప్పేది. కానీ ఆమె తింటున్నది మోకాలికి కాదని ఆమెకు తెలుసు. అత్తగారి తీర్పుకు కూడా లొంగని కుళ్లు ఆ తెల్ల ముక్కకు లొంగింది. అందుకే వదలలేకపోయింది. సగం ముక్క పనిచేయడం కూడా రాన్రాను తగ్గింది. మూతలో ఏది పెద్దదో ఇంకా నిశితంగా చూసేది.

అటు కృష్ణమ్మ మళ్లీ మంచానికి అతుక్కుపోయింది. పక్కకు ఒత్తిగిల్లాలన్నా పళ్లు కొరుక్కునేది. వెన్నెల వచ్చి చూసి, రోగం ముదిరిందనుకుని, డాక్టరుతో మాట్లాడి మాత్రలు పెంచింది. పెరిగినవి కూడా మూతలోకే వచ్చాయి. వెన్నెల మళ్లీ పెంచింది. ఒకనాటి తెల్లవారుజామున శకుంతలమ్మ పాలకూర కట్టలు కడుతుంటే గోడ అవతలి నుంచి మూలుగు వినిపించింది. వినిపించింది గానీ, పక్క ఊళ్లో ఎవరో మూలుగుతున్నట్టు వినిపించింది. ఆమె లేవలేదు. ఇంకో కట్ట కట్టుకుంది. కుళ్లుతోబాటు ఆ మాత్ర ఆమెలో ఇంకేం నిద్రపుచ్చిందో అప్పుడు ఆమెకు తెలియలేదు.

సద్దులకు ఇంకా కొద్ది రోజులున్నాయనగా వెన్నెల చెప్పకుండా వచ్చింది. కృష్ణమ్మ చెమటలు పట్టి, దుప్పటి పిడికిట్లో బిగించి ఉంది. వెన్నెల టార్చి తీసి ఆమె కళ్లు చూసింది. ఇంత మందు మింగే మనిషి కంటిపాపలు గుండుసూది మొనంత ఉండాలి. పాపలు అంత చిన్నగా లేవు. వెన్నెల టార్చి పట్టుకునే బయటికి వచ్చింది. అరుగు మీద శకుంతలమ్మ ఆకుకూర కట్టల మీదికి ఒరిగి, నోరు తెరిచి, ఆగి ఆగి ఊపిరి తీస్తూ నిద్రపోతోంది. భుజం పట్టి కుదిపితే గానీ లేవలేదు. వెన్నెల ఆమె రెప్ప ఎత్తి చూసింది. పాప గుండుసూది మొనంతే ఉంది.

"పెద్దమ్మా, ఎన్నొద్దుల సంది తింటున్నవ్?"

శకుంతలమ్మ ముందు బుకాయించింది. తరువాత ఏడ్చింది. తరువాత ఎదురు తిరిగింది. "దానికి ఉండొచ్చు, నాకు ఉండొద్దా? మోకాళ్లు నాయి గావా?"

"మోకాళ్లకైతే నువ్వు నన్ను అడుగుతుంటివి. దాసిపెట్టి తినకపోతుంటివి."

అప్పుడు శకుంతలమ్మ నిజం చెప్పింది. గోలి వేసుకుంటే కడుపు మండటం లేదని, కృష్ణమ్మను చూసినా ఏమీ అనిపించటం లేదని. వెన్నెల పక్కనే కూర్చుంది. ఈసారి గొంతులో ఓపికకన్నా కోపమే ఎక్కువుంది.

"తలకాయల సంబురం పుట్టిచ్చే కణాలుంటయి. ఊకె ఎగురకుంట వాటి మీద ఇంకో కణం కావలి ఉంటది. గోలి ఆ కావలిదాన్ని నిద్రపుచ్చుతది. ఇగ సంబురానికి అడ్డెవ్వరు? అందుకే కుళ్లు గూడ నొప్పి లెక్కనే ఆగింది నీకు. కని కణాలు ఊకుంటయా? తట్టలు అందుతలేవని మేస్త్రి ఇంకింతమందిని పనిల పెట్టుకున్నట్టు, అవి గూడ బలం పెంచుకుంటయి. అందుకే నీకు ముక్క చాలకుంటైంది. గోలి బందు పెట్టిననాడు అందరొక్కసారి పనిలకు దిగుతరు. ఒళ్లు నొప్పులు, ఆవలింతలు, ముక్కు కారుడు, ఒళ్లంత జలదరింపు. తయారుగుండు."

"సచ్చిపోతనా?"

"నువ్వు గాదు. అవ్వ సచ్చిపోతుండె." వెన్నెల గోడ అవతలికి చెయ్యి చూపింది. "నొప్పి తగ్గుతలేదని నేను డోసు పెంచుకుంట పోయిన. ఆమె మింగేది సగమే. రేపు నువ్వు ఏ చుట్టాల ఇంటికో పోతే, విరిచి ఇచ్చెటందుకు ఎవ్వరు లేక ఒక్కతే మొత్తం మింగుతుండె. ఊపిరి ఆగిపోతుండె. ఎవ్వరికి ఎరుక గాకపోతుండె, రోగంతోని పోయిందనుకుందురు."

శకుంతలమ్మ జీవితంలో కృష్ణమ్మ గురించి ఎన్నో కోరుకుంది. చీర చిరగాలని, మేడ కురవాలని, బతుకమ్మ ఒరగాలని. చావాలని మాత్రం ఎన్నడూ కోరుకోలేదు. ఎక్కడో పక్క ఊళ్లో వినిపించిన మూలుగు అప్పుడు ఆమె చెవికి చేరింది.

రామన్న ఆమెను బండి మీద చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు తిట్టి, మందులిచ్చి, దగ్గర ఉండి చూసుకొమ్మన్నాడు. వెన్నెల చెప్పినవన్నీ వరుసగా వచ్చాయి. అన్నిటికన్నా ముందు వచ్చింది కుళ్లు. మునుపటిది కాదు, వడ్డీతో సహా వచ్చింది. ఏసీ చప్పుడు వింటే మండింది, దానిమ్మపండ్ల వాసనకు మండింది. కృష్ణమ్మ మాత్రల డబ్బా తలచుకుంటే గుండెలో రోకటి పోటు పడింది. దుప్పటి కప్పుకుని వణుకుతూ, అవతల తన తోటికోడలు హాయిగా ఉందన్న కోపంతో గోడకేసి చూస్తూ పడుకుంది.

అవతల డోసు తగ్గించి, మాత్ర మొత్తం మింగించేసరికి కృష్ణమ్మ మళ్లీ కూర్చుంది. డబ్బాకు తాళం వేసి ప్రవీణ్ దగ్గర పెట్టారు. అతను పనికి పోతూ మధ్యాహ్నం వేసుకోవలసింది మాత్రమే బయట పెట్టాలి. అది ఎవరు అందించాలి? కృష్ణమ్మ చేతికిస్తే మళ్లీ విరుస్తుంది. అప్పుడు కృష్ణమ్మే అన్నది, "అక్క ఇస్తది తియ్యి." ప్రవీణ్ మొహం మాడ్చుకున్నాడు. వెన్నెల మాత్రం, "సరే, ముందుగాల సద్దుల నాడు ఒక్కపారి ఇయ్యనీ. నేను గూడ వస్త," అన్నది.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం శకుంతలమ్మ గోడ అవతలికి పోయింది. మోకాళ్లు కరకరలాడుతున్నాయి. కృష్ణమ్మ మంచం ముందు చాప మీద తాంబాళంలో గుమ్మడాకులు పరిచి ఉన్నాయి. చుట్టూ గునుగు, తంగేడు కుప్పలు. వెన్నెల తలుపు దగ్గరే ఆగింది. శకుంతలమ్మ స్టీలు మూతలో మాత్ర పెట్టి తెచ్చింది. కృష్ణమ్మ బొటనవేలి గోరు ముందుకు వచ్చింది.

"చెయ్యి తియ్యి," అన్నది శకుంతలమ్మ. "ఇయ్యాల నేను పంచుత."

మాత్రను మూతలో ఒక పక్కకు జరిపింది. రెండో పక్క ఖాళీ.

"ఇగో, రెండు పాళ్లు. పంచినామె ఆఖరుకు తీసుకోవాలె. ముందుగాల నువ్వు తీసుకో."

కృష్ణమ్మ మూత వైపు చూసింది. ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ ముందు తీసుకుని ఎరగదు. ఇన్నేళ్ల అలవాటుకు ఆమె చెయ్యి ఖాళీ పక్కకే కదిలింది. శకుంతలమ్మ లోపల ఏదో నోరు తెరుచుకుని కాచుకుంది. అబద్ధమెందుకు, కాచుకుంది. తీసుకోనీ, ఖాళీదే తీసుకోనీ, అన్నది. నాలుక కింద నీళ్లూరాయి.

"పెద్దది తీసుకో కిష్టమ్మా," అన్నది పైకి. "నాకు బుద్ధి మారకముందే తీసుకో."

కృష్ణమ్మ తీసుకుని మింగింది. శకుంతలమ్మ నీళ్ల గ్లాసు అందించి, గొంతు కదిలిందాకా చూసి, ఖాళీ మూత కొంగుతో తుడిచింది.

కొంతసేపటికి కృష్ణమ్మ మొహంలో ముడతలు వదులయ్యాయి. ప్రవీణ్ ఆమెను ఎత్తి చాప మీద దిండ్ల నడుమ కూర్చోబెట్టాడు. ఆమె వంగలేదు కనుక శకుంతలమ్మ పక్కన కూర్చుని పూలు అందించింది. గునుగు, తంగేడు, బంతి, మళ్లీ గునుగు. ఆ వేళ్లలో ఇంకా ఆ పనితనం ఉంది. వరుస మీద వరుస లేచింది. వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడారు. "ఈసారి గూడ కిష్టమ్మదే ఎత్తు," అన్నది ఒకామె.

శకుంతలమ్మ కడుపు భగ్గుమన్నది. దారిలో ఆపేది ఏదీ లేదు కనుక మంట ఒక్క చుక్క తగ్గకుండా నేరుగా వచ్చింది. ఇంట్లో తన బతుకమ్మ ఇంకా మొదలే పెట్టలేదు.

"అక్కా, గునుగు," అని చెయ్యి చాపింది కృష్ణమ్మ.

శకుంతలమ్మ కుప్పలో వెతికి, అన్నిటికన్నా పెద్ద కట్ట తీసి ఆ చేతిలో పెట్టింది.